అద్దె ఇంటి బాత్రూమ్‌లో ఎల్ఈడీ లైటు పోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో మాకు మూడు పోర్షన్ల ఇల్లుంది, మూడూ అద్దెకిచ్చాం. నేను మాత్రం ఉద్యోగం కోసం విశాఖలో అద్దెకుంటున్నాను. "అంకుల్, బాత్రూమ్ లైటు పోయింది" అని నాకు మెసేజ్ వస్తుంది. అదే మెసేజ్ అప్పుడప్పుడు నేనూ మా ఓనరుగారికి పెడతాను. రెండు గట్ల మీదా నిలబడ్డవాణ్ణి కాబట్టి ఇటువాళ్లు అడిగేవీ అటువాళ్లు అడిగేవీ కలిపి ఒకచోట రాస్తున్నాను.

లైటు వెలగడం లేదు. ఎవరినైనా పిలిచే ముందు ఏం చూడాలి?

బాత్రూమ్‌లో గీజరో ఎగ్జాస్ట్ ఫ్యానో పనిచేస్తున్నాయా? అవీ ఆగిపోతే తప్పు లైటుది కాకపోవచ్చు. డీబీ (ఇంటి కరెంటు స్విచ్‌లన్నీ ఉండే పెట్టె) తెరిచి ఎంసీబీ (తేడా వస్తే తనంతట తానే కిందికి పడి కరెంటు ఆపే స్విచ్) పడిపోయిందేమో చూడండి. ఫ్యాను తిరుగుతూ లైటు ఒక్కటే రాకపోతే, బల్బు తీసి హాల్లో పనిచేస్తున్న హోల్డర్‌లో పెట్టండి. అక్కడ వెలిగితే బల్బు బాగానే ఉన్నట్టు. అప్పుడు తప్పు హోల్డర్‌లోనో స్విచ్‌లోనో వైరులోనో ఉంటుంది. అక్కడా వెలగకపోతే బల్బే పోయింది.

రెండు నిమిషాల ఈ పరీక్ష చేయకుండా ఫోను చేస్తే, ఎలక్ట్రీషియన్ వచ్చి వంద రూపాయల బల్బు మార్చి అంతకు రెండు మూడింతలు రాక ఖర్చు కింద తీసుకుంటాడు. ఆ డబ్బు ఎవరివ్వాలన్న దగ్గర గొడవ మొదలవుతుంది.

పెట్టె మీద 25,000 గంటలు అని రాసుంది. రోజుకు మూడు గంటలు వాడినా ఇరవై ఏళ్లు దాటాలి. ఏడాదికే ఎలా పోయింది?

ఆ లెక్క లోపలి చిప్పుల ఆయుష్షుకు దగ్గరగా ఉంటుందేమో కానీ, బల్బంటే చిప్పులొక్కటే కాదు. మన ఇళ్లకొచ్చేది 230 వోల్టుల ఏసీ కరెంటు. చిప్పులకు కావలసింది తక్కువ మోతాదులో, నిలకడగా వచ్చే డీసీ కరెంటు. ఈ మార్పు చేసే చిన్న సర్క్యూట్‌ను డ్రైవర్ అంటారు. చాలా డ్రైవర్లలో ఒక గుండ్రటి కెపాసిటర్ ఉంటుంది, దాని లోపల ద్రవం ఉంటుంది. వేడికి ఆ ద్రవం మెల్లమెల్లగా ఆరిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఇలాంటి కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్ పనివాళ్లు వేసుకునే లెక్క. అందుకే గాజు బుడ్డిలో మూసేసిన బల్బు, గాలాడని ఫాల్స్ సీలింగ్‌లో ఇరికించిన ప్యానెల్ ముందుగా పోతాయి.

ఇంకో సంగతి. చవక బల్బుల్లో చిప్పులన్నీ పూసల దండలా ఒకదాని వెనుక ఒకటి కలిపి ఉంటాయి. ఒక్క చిప్పు మాడితే దండంతా ఆరిపోతుంది. తెల్లటి మూత తీసి చూస్తే ఒక చిప్పు మీద నల్లటి చుక్క కనిపిస్తుంది, చచ్చింది అదే.

ఇవి ఏ గదిలో అయినా జరిగేవే. బాత్రూమ్‌కు ప్రత్యేకంగా మరో మూడు శత్రువులున్నాయి. ఒకటి వేడినీళ్ల ఆవిరి. ఫ్యాను లేని నాలుగడుగుల గదిలో పొద్దున్నే నలుగురు వరసగా స్నానం చేస్తే గోడల మీద నీటిబొట్లు దిగుతాయి, హోల్డర్ లోపలా అంతే. రెండు, పురుగులు. తొలకరి వానలకు ఉసిళ్లు వెంటిలేటర్ గుండా వచ్చి ఫిటింగ్‌లో దూరి చస్తాయి, ఆ చెత్త తేమను పట్టి ఉంచుతుంది. మూడోది ఎవరూ అనుమానించరు, అది టైల్స్ కడిగే యాసిడ్. బోరునీళ్ల తెల్లమరకలు పోవాలని నెలకోసారి యాసిడ్ పోసి తలుపు వేసేస్తారు. ఆ పొగ పైకి లేచి హోల్డర్‌లోని ఇత్తడి పిన్నుల్ని, డ్రైవర్ మీది టంకాల్ని తినేస్తుంది. మా ఒక పోర్షన్‌లో ఏడాదిన్నరలో మూడు బల్బులు, రెండు హోల్డర్లు పోయాయి. విప్పి చూస్తే పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వారంవారం యాసిడ్ వాడుతున్నారట. యాసిడ్ పోయడం మానేసి, ఫ్యాను పెట్టించాక నాలుగో బల్బు ఇంకా వెలుగుతూనే ఉంది.

సరే, ఖర్చు ఎవరిది? ఓనరుదా, అద్దెకున్నవాళ్లదా?

ముందు చట్టం మాట. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఏ మరమ్మతు ఎవరిదో చెప్పే పట్టిక ఉంది. ఇంటి లోపలి, బయటి కరెంటు వైరింగు, అవసరమైనప్పుడు దాని బాగోగులు ఓనరు వంతు. స్విచ్‌లు, సాకెట్లు, పెద్ద వైరింగు మార్పులు అక్కర్లేని కరెంటు సామాను మరమ్మతు, మార్పిడి అద్దెకున్నవాళ్ల వంతు. ఆ పట్టికలో గీజరు మరమ్మతు కూడా అద్దెకున్నవాళ్ల వైపే ఉంది, ఇది చాలామందికి తెలియదు. పేరులోనే ఉన్నట్టు ఇది నమూనా. రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. మన దగ్గర మాత్రం ఎక్కువ ఇళ్లు 11 నెలల అగ్రిమెంటు మీదే నడుస్తున్నాయి. ఆ కాగితంలో ఏం రాసుకున్నారన్నదే ముందు చూడాలి.

ఇక నా పద్ధతి. పిన్ను హోల్డర్‌లో తిప్పి పెట్టే బల్బు వాడుకునేవాళ్ల ఖర్చు. అది సబ్బులాంటిది, అయిపోతే కొనుక్కోవాలి. హోల్డర్, దాని వెనుక వైరు ఓనరువి. సీలింగ్‌లో దిగ్గొట్టిన ప్యానెల్ లైటు దగ్గర నేను పట్టికను పక్కనబెడతాను. దాన్ని ఎంచుకున్నది ఓనరు. చూడ్డానికి బాగుందని పెట్టించుకున్నాడు, అద్దె కూడా దాన్ని చూపించే కాస్త ఎక్కువ అడిగాడు. వంద రూపాయల బల్బుతో పోయేదాన్ని డ్రిల్లింగు, రంధ్రం, పుట్టీ దాకా తెచ్చింది అతనే. కాబట్టి వయసు మీరి పోతే ఖర్చు అతనిదే. ఇంట్లో దిగిన మొదటి నెలలో ఏది పోయినా ఓనరుదే. పిల్లలు షవర్ గొట్టంతో నీళ్లు కొట్టి పాడుచేస్తే అది మీదే, మొహమాటం లేకుండా ఒప్పుకోండి.

అగ్రిమెంటులో లైట్ల గురించి ఒక్క ముక్క లేదు. ఇప్పుడేం చేయాలి?

కొత్తది రాసుకునేటప్పుడు ఒక్క వాక్యం కలపండి: "బల్బులు అద్దెదారు, ఫిటింగులు, వైరింగు ఇంటి యజమాని." అంతవరకూ ఒక వాట్సాప్ మెసేజ్‌లో రాసుకుని ఇద్దరూ సరేనంటే చాలు.

ఎలక్ట్రీషియన్ లేకుండా నేనే మార్చుకోవచ్చా?

బల్బయితే నిస్సందేహంగా. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నిబంధనలు ఇళ్లలో కరెంటు పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు ద్వారానే జరగాలంటాయి. అయితే బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌లు, 250 వోల్టులు మించని ఇంటి సామాను, ఫిటింగులను ఉన్నదానికి ఉన్నట్టు మార్చుకోవడానికి మినహాయింపు ఉంది. కొత్త పాయింటు తీయడం, వైరు పొడిగించడం, గోడ కొట్టడం ఆ మినహాయింపులోకి రావు.

చట్టం సరే, చేయి తిరిగి ఉందా అన్నది వేరే ప్రశ్న. వైర్లు విప్పి బిగించడం ఎప్పుడూ చేయకపోతే బాత్రూమ్‌లో మాత్రం మొదలుపెట్టకండి. తడి నేల, తడి గోడ, తడి చేయి ఉన్నచోట కరెంటు పొరపాటును క్షమించదు.

స్విచ్ ఆపేశాను కదా, సరిపోదా?

సరిపోదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివేటట్టయితే ఇదే చదవండి.

సరిగ్గా చేసిన వైరింగులో స్విచ్ ఫేజ్ వైరు (కరెంటు వచ్చే వైరు) మీద ఉంటుంది. ఆపితే హోల్డర్ దాకా కరెంటు రాదు. పాత ఇళ్లలో, అందులోనూ అద్దెకివ్వడానికి ఒక గదిని రెండు చేసి, వరండాను బాత్రూమ్ చేసి హడావుడిగా లాగిన వైరింగులో, స్విచ్ న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) మీద ఉండడం నేను చాలాసార్లు చూశాను. అలాంటి చోట స్విచ్ ఆపితే బల్బు ఆరిపోతుంది, హోల్డర్ పిన్నులో మాత్రం 230 వోల్టులు అలాగే ఉంటాయి. బల్బు ఆరింది కదా అని వేలు పెడితే అంతే సంగతులు. వైరు రంగును కూడా నమ్మకండి. ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు అన్నది పద్ధతి. చుట్టలో ఏది మిగిలితే అది లాగడం మన అలవాటు.

అందుకని డీబీలో ఆ బాత్రూమ్ ఎంసీబీ ఆపండి. ఏదో తెలియకపోతే మెయిన్ ఆపేయండి, పది నిమిషాలు ఫ్రిజ్ ఆగితే పాలు విరగవు. వాచ్‌మనో, ఇంట్లోవాళ్లో చూసుకోక మళ్లీ పైకెత్తకుండా ఒకరికి చెప్పి ఉంచండి. టెస్టర్ వాడేటప్పుడు ముందు పనిచేస్తున్న సాకెట్‌లో పెట్టి వెలుగుతోందో లేదో చూసుకోండి. పాడైన టెస్టర్ వెలగకపోవడాన్ని "కరెంటు లేదు" అని చదువుకుని దెబ్బతిన్నవాళ్లున్నారు.

ఎక్కడానికి బకెట్ బోర్లించకండి. నవ్వకండి, అందరం చేసే పనే అది. తడి టైల్స్ మీద బకెట్ జారితే కరెంటు అక్కర్లేదు, నడుం విరగడానికి. నేల తుడిచి, ఆరిన తర్వాత, రబ్బరు చెప్పులేసుకుని, నాలుగు కాళ్లూ సమంగా ఆనే స్టూలు ఎక్కండి.

బల్బు హోల్డర్‌లో ఇరుక్కుపోయింది, తిరగడం లేదు.

తుప్పు పట్టింది. ఎంసీబీ ఆపి, పొడిగుడ్డతో పట్టుకుని, కాస్త లోపలికి నొక్కి మెల్లగా ఎడమవైపు తిప్పండి. బలం పెడితే తెల్లటి బుడ్డి చేతికొచ్చి ఇత్తడి అడుగు హోల్డర్‌లోనే ఉండిపోతుంది. అలా అయితే కటింగ్ ప్లేయర్‌తో దాన్ని పట్టుకుని తిప్పాలి, ఎంసీబీ ఆపి ఉందో లేదో ఇంకోసారి చూసుకున్నాకే. ఆ హోల్డర్‌ను మళ్లీ వాడకండి. తుప్పుపట్టిన హోల్డర్‌లో కొత్త బల్బు పెట్టడమంటే చెదపట్టిన తలుపుకు కొత్త గొళ్లెం బిగించడమే.

ప్యానెల్ లైటు పోయింది. మొత్తం మార్చాలా, డ్రైవర్ ఒక్కటే మార్చొచ్చా?

చాలాసార్లు డ్రైవరే పోతుంది. ఫాల్స్ సీలింగ్ ప్యానెల్‌ను స్ప్రింగులు పట్టుకుని ఉంటాయి. కిందికి లాగితే వెనుక చిన్న తెల్ల డబ్బా కనిపిస్తుంది, అది డ్రైవర్. ప్యానెల్‌కూ దానికీ మధ్య ఊడదీయగల చిన్న పిన్ను ఉంటుంది.

కొత్త డ్రైవర్ కొనేటప్పుడు అందరూ "12 వాట్స్‌ది ఇవ్వండి" అంటారు. వాట్స్ చెబితే చాలదు. పాత డబ్బా మీద అవుట్‌పుట్ ఎన్ని మిల్లీ ఆంపులో, ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల వరకో రాసి ఉంటుంది. ఆంపులు సరిపోవాలి, ప్యానెల్‌కు కావలసిన వోల్టులు ఆ హద్దుల్లో ఉండాలి. ఆంపులు ఎక్కువ ఇచ్చే డ్రైవర్ పెడితే మొదటి రోజు లైటు ధగధగలాడుతుంది, తర్వాత చిప్పులు మాడతాయి. పాత డ్రైవర్‌ను జేబులో వేసుకుని షాపుకెళ్లడం అన్నిటికన్నా తేలిక. ఇంకో జాగ్రత్త: కరెంటు ఉండగా ఆ చిన్న పిన్ను తగిలించకండి. డ్రైవర్‌లో నిలిచి ఉన్న వోల్టేజీ ఒక్కసారిగా తగిలి కొత్త ప్యానెల్ కూడా పోవచ్చు. ముందు పిన్ను, తర్వాత కరెంటు.

ప్యానెల్ అంచుల్లో పసుపు మరకలు, లోపల పురుగులు, నీటి చారలు కనిపిస్తే డ్రైవర్ మీద డబ్బు పెట్టకండి, మొత్తం మార్చేయండి.

అదే సైజు ప్యానెల్ తెచ్చాను, రంధ్రంలో పట్టడం లేదు.

పెట్టె మీద రాసే సైజు బయటి అంచుది కావచ్చు. మనకు కావలసింది సీలింగ్‌లో కోసిన రంధ్రం కొలత. అదే 12 వాట్స్ అయినా ఒక్కో కంపెనీ రంధ్రం ఒక్కో రకం. టేపుతో కొలిచి ఫోనులో రాసుకుని వెళ్లండి. కోఠీ దగ్గర ట్రూప్ బజార్‌లాంటి చోట పాతది చూపిస్తే సరిపోయేది వెతికిస్తారు. పెద్ద రంధ్రానికి చిన్న ప్యానెల్ పెట్టాల్సొస్తే మధ్యలో వేసే రింగులు కూడా దొరుకుతాయి. చూడ్డానికి అంత బాగుండదు, పని నడుస్తుంది.

పాత ట్యూబ్‌లైటు పట్టీలో ఎల్ఈడీ ట్యూబు పెట్టొచ్చా?

పెట్టొచ్చు కానీ అలాగే తగిలించకూడదు. పాత పట్టీలో చోక్, స్టార్టర్ ఉంటాయి. ఎల్ఈడీ ట్యూబుల్లో కొన్నిటికి కరెంటు ఒక కొసనే రావాలి, కొన్నిటికి రెండు కొసలా రావాలి. ట్యూబు మీద ఉన్న బొమ్మ ప్రకారం వైర్లు మార్చి, చోక్ తీసేయాలి. ఇంత చేసేకన్నా పట్టీతో సహా వచ్చే ఎల్ఈడీ బ్యాటన్ కొనడం నయం. బాత్రూమ్‌లో ఆ ఇనప పట్టీ ఎలాగూ తుప్పుపట్టి ఉంటుంది.

స్విచ్ ఆపినా లైటు రాత్రంతా మసగ్గా వెలుగుతోంది. దెయ్యమా?

దెయ్యమైతే అద్దె తగ్గించమనొచ్చు. ఇది మాత్రం లీకయ్యే చిటికెడు కరెంటు. పాత 60 వాట్ల బల్బుకు అది సరిపోయేది కాదు, ఎల్ఈడీకి చాలు. కారణాలు మూడు: స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉండడం, రెండు వైర్లు చాలా దూరం పక్కపక్కనే నడవడం, స్విచ్ న్యూట్రల్ మీద ఉండడం. మొదటి రెండింటితో ప్రమాదం లేదు, ఇండికేటర్ లేని స్విచ్ పెడితే మొదటిది పోతుంది. మూడోదే పైన చెప్పిన చావు సంగతి. కాబట్టి మసక వెలుగు కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌తో ఫేజ్ ఎటుందో ఒకసారి చూపించండి. ఆ ఖర్చు ఓనరుది, వాదన లేదు.

కాసేపు వెలిగి ఆరిపోతుంది, మళ్లీ తనే వస్తుంది.

పదినిమిషాలకోసారి అలా అవుతుంటే డ్రైవర్ వేడెక్కి ఆగుతోంది, లేదా లోపల టంకం వదిలి వేడికి ఊడుతూ చల్లబడి అతుక్కుంటోంది. రెండింటికీ మందు బల్బు మార్చడమే. తట్టినప్పుడు, తలుపు గట్టిగా వేసినప్పుడు మినుకుమంటే హోల్డర్‌లోనో స్విచ్‌లోనో వైరు వదులైంది. "చిట్‌చిట్" అని చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే వెంటనే ఎంసీబీ ఆపి, మనిషి వచ్చేదాకా వేయకండి.

ఇంట్లో లైట్లు ఒకేసారి కొన్ని మసకబారి, కొన్ని విపరీతంగా వెలుగుతుంటే అది బాత్రూమ్ సంగతి కాదు. భవనానికి వచ్చే న్యూట్రల్ తెగిందో వదులైందో అయి ఉంటుంది. అప్పుడు కొన్ని ఇళ్లలోకి 230 బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. మెయిన్ ఆపేసి 1912కు ఫోన్ చేయండి. ఫ్రిజ్, టీవీ పోయాక చేసి లాభం లేదు.

బాత్రూమ్ లైటు వేయగానే ఇల్లంతా ట్రిప్ అవుతోంది.

ట్రిప్ అయ్యింది ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే పసిగట్టి ఆపేసే స్విచ్) అయితే దానికి దండం పెట్టండి. ఇళ్లలో సాధారణంగా ఉండేది 30 మిల్లీ ఆంపులది. అంత కరెంటు దారితప్పి తడి గోడలోకో మనిషిలోకో పోతుంటే కన్నుమూసి తెరిచేలోగా ఆపేస్తుంది. లైటు ఫిటింగ్‌లో నీళ్లు చేరితే ఇలా అవుతుంది. ఆరితే పగలంతా బాగుండి, స్నానాల వేళకు మళ్లీ మొదలవుతుంది. కొందరు ఎలక్ట్రీషియన్లు దీనికి చెప్పే వైద్యం ఆర్‌సీసీబీ తీసేసి మామూలు స్విచ్ పెట్టడం. నాకూ ఒకతను అదే చెప్పాడు. ఒప్పుకోకండి. తడిసిన ఫిటింగ్ మార్చడమే వైద్యం.

కుళాయి ముట్టుకుంటే, షవర్ కడ్డీ తాకితే జివ్వుమంటోందా? లైటు సంగతి తర్వాత. ఆ బాత్రూమ్ వాడడం ఆపేసి, గీజరు ఎంసీబీ దించి, ఎర్తింగు చూపించండి. ఇందులో ఓనరు అనుమతి కోసం ఎదురుచూడాల్సింది ఏమీ లేదు.

పై ఫ్లాట్ నుంచి నీళ్లు కారి లైటులోంచి చుక్కలు పడుతున్నాయి. కొత్త లైటు ఎవరు కొనాలి?

ఇప్పుడు ఎవరూ కొనకూడదు. ఎంసీబీ ఆపి వదిలేయండి. కారడం ఆగకుండా లైటు మార్చితే నెలలో అదీ పోతుంది. వీడియో తీసి ఓనరుకు పంపండి, ఆయన పై ఫ్లాట్‌వాళ్లతోనో అసోసియేషన్‌తోనో మాట్లాడుకోవాలి. అద్దెకున్నవాళ్లు పైకెళ్లి గొడవపడి సాధించేది ఏమీ ఉండదు, మెట్ల మీద ఎదురైనప్పుడు మొహాలు చూసుకోలేకపోవడం తప్ప.

నేను ఓనరుని. పదే పదే ఫోన్లు రాకుండా బాత్రూమ్‌లో ఏ లైటు పెట్టాలి?

మామూలు పిన్ను హోల్డర్, అందులో 9 వాట్ల బల్బు. నిజంగానే. నా మూడు పోర్షన్లలో కొత్తగా కట్టినప్పుడు ఒకదానికి దిగ్గొట్టే ప్యానెల్, ఒకదానికి అద్దం మీద అందమైన లైటు, ఒకదానికి డబ్బుల్లేక మామూలు హోల్డరు పెట్టించాను. ఏడేళ్లలో హోల్డరున్న పోర్షన్ నుంచి లైటు గురించి నాకు ఒక్క ఫోనూ రాలేదు. పోయినప్పుడల్లా వాళ్లే కిరాణా కొట్లో బల్బు తెచ్చుకుని పెట్టుకున్నారు, నాకు తెలియను కూడా తెలియదు. మిగతా రెండూ ఇప్పుడు హోల్డర్లే అయ్యాయి. సొంతానికి కట్టుకునే ఇంట్లో ఏ సోకులైనా చేసుకోవచ్చు. అద్దె ఇంట్లో, ఉన్నవాళ్లు స్టూలెక్కి మార్చుకోలేని లైటు పెట్టకూడదు.

ఎక్కడ పెట్టాలన్నది ముఖ్యం. షవర్‌కు దూరంగా, తలుపు వైపు గోడ మీద, వీలైనంత ఎత్తున. మన బాత్రూముల్లో ఏడడుగుల దగ్గర అటక వేసేస్తాం కాబట్టి లైటు ముఖం ఎత్తుకు దిగిపోతుంది. షవర్ పడే చోట నేల నుంచి 2.25 మీటర్ల లోపు మామూలు ఫిటింగు ఉండకూడదన్నది అంతర్జాతీయ వైరింగు పద్ధతి. తప్పదంటే అక్కడ ఐపీ65 అని రాసి ఉన్న, రబ్బరు అంచుతో మూసుకునే ఫిటింగ్ కొనండి. ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ము, పురుగుల సంగతి చెబుతుంది, రెండోది నీళ్ల సంగతి. 20 అంటే నీటికి ఏ రక్షణా లేదని, 44 అంటే చిందే నీళ్లు ఓర్చుకుంటుందని, 65 అంటే పైపుతో కొట్టినా లోపలికి పోవని. ఆ ఫిటింగ్ లోపల కూడా మార్చుకోగల బల్బు ఉన్న రకమే తీసుకోండి.

ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించండి. లైటు కోసం మీరు చేయగల అసలు మరమ్మతు అది.

ఎన్ని వాట్స్ కావాలి?

చిన్న బాత్రూమ్‌కు 9 చాలు, అద్దం ముందు గడ్డం గీసుకునేవాళ్లకు 12. రోజుకు మూడు గంటలు వెలిగినా 9 వాట్ల బల్బు నెలకు ఒక యూనిట్ కూడా తినదు. కొనేటప్పుడు బీఐఎస్ (సరుకు నాణ్యతకు ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, కింద "ఆర్" అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, ఐఎస్ 16102 అన్న అంకె ఉన్నాయేమో చూడండి. తోపుడుబండి మీద మూడు వంద అని అమ్మేవాటి మీద ఇవి ఉండవు.

వారంటీ సంగతి?

పేరున్న కంపెనీల బల్బులకు ఏడాదో రెండేళ్లో ఉంటుంది. షాపతను బల్బు మీద మార్కర్‌తో తేదీ వేస్తే అదే బిల్లు. వేయకపోతే అడిగి వేయించుకోండి. యాసిడ్ పొగకు, నీళ్లకు పోయినవాటికి వారంటీ రాదని వాదిస్తారు, తుప్పుపట్టిన అడుగు చూడగానే వాళ్లకు తెలిసిపోతుంది.

ఓనరు అమెరికాలో ఉంటారు. మెసేజ్ పెడితే "చూద్దాం" అంటారు, నెలైంది.

హైదరాబాద్ ఫ్లాట్లలో ఇది రోజూ ఉండేదే. ఆయన బావమరిదో తమ్ముడో ఇక్కడ చూసుకుంటుంటారు, ఆయనకు బల్బుకీ డ్రైవర్‌కీ తేడా తెలియదు. "లైటు పోయింది" అని రాస్తే ఎవరూ కదలరు. పోయిన ఫిటింగ్ ఫొటో, బల్బు మార్చి చూశానన్న మాట, ఎలక్ట్రీషియన్ చెప్పిన అంచనా, "ఆదివారం చేయించి వచ్చే నెల అద్దెలో తగ్గించుకోమంటారా?" అన్న ప్రశ్న, ఈ నాలుగూ ఒకే మెసేజ్‌లో పెట్టండి. వాళ్ల రాత్రి పడుకునే ముందు మన పొద్దున, అప్పుడు పంపితే జవాబు వస్తుంది. "ఓకే" అన్న రెండక్షరాలు వచ్చాకే ఖర్చు పెట్టండి, బిల్లు ఫొటో వెంటనే పంపండి.

ఓనరు చేయాల్సిన పనిని ఆయన నిరాకరిస్తే అద్దెకున్నవాళ్లు చేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చని, ఏ నెలలోనూ ఆ కోత అద్దెలో సగం మించకూడదని నమూనా చట్టం అంటుంది. అడగకుండా కోసేస్తే మాత్రం మాట పోతుంది. ఖాళీ చేసేనాడు అది అడ్వాన్సు దగ్గర ఎదురొస్తుంది.

నా డబ్బుతో మంచి లైటు పెట్టించుకున్నాను. వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చా?

తీసుకుపోండి, పాతది తిరిగి పెట్టి. అందుకే తీసిన ఫిటింగ్‌ను పారేయకుండా అటక మీద దాచాలి. కొత్త రంధ్రాలు వేసి ఉంటే పుట్టీ పెట్టించడమూ మీ పనే.

ఖాళీ చేసేటప్పుడు లైట్ల పేరు చెప్పి అడ్వాన్సులో రెండు వేలు కోశారు.

ఒక బాత్రూమ్ బల్బుకు రెండు వేలు కావు. ఏమేం మార్చారో, దేనికెంతో బిల్లు అడగండి. వయసుకు పోయినదానికి అద్దెకున్నవాళ్ల దగ్గర వసూలు చేయడం అన్యాయం, నేను ఓనరునై ఉండి చెబుతున్నాను. దిగిన రోజే ప్రతి గదిలో స్విచ్ వేసి, లైటు వెలుగుతుండగా ఒక వీడియో తీసి ఓనరుకు పంపేస్తే ఈ పేచీ రాదు. వెళ్లే రోజు ఇంకోటి.

పోయిన బల్బు ఎక్కడ పడేయాలి?

సీఎఫ్ఎల్‌లో, పాత ట్యూబులో పాదరసం ఉంటుంది, ఎల్ఈడీలో ఉండదు. అయినా తడి చెత్తలో కలపకండి. విడిగా కాగితంలో చుట్టి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

ఇప్పుడు రాత్రి తొమ్మిది. లైటు పోయింది, షాపులు మూసేశారు. ఈ పూటకేం చేయాలి?

వాకిట్లోదో స్టోర్‌రూమ్‌లోదో బల్బు తీసి ఇక్కడ పెట్టండి. హోల్డరే పోయుంటే తలుపు కొద్దిగా తెరిచి బయటి లైటు వేసుకోండి, లేదా కరెంటు పోయినప్పుడు వాడే చార్జింగ్ లైటు గూట్లో పెట్టండి. టేబుల్ ల్యాంపును పొడుగు వైరుతో బాత్రూమ్‌లోకి లాగకండి. ఫోను టార్చి చేత్తో పట్టుకుని మాత్రం వెళ్లకండి, మా అబ్బాయి ఫోను బకెట్లో పడింది అలాగే.